ఫ్లాట్‌లో స్పీడ్ బ్యాగ్: కింది ఇంటికి దడదడ వెళ్లకుండా ఏం చేయాలి?

ప్రశ్న అడిగినవారి పరిస్థితి ఇదీ: హైదరాబాద్ నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాట్. పదో తరగతి అమ్మాయి బాక్సింగ్ నేర్చుకుంటోంది. ఇంట్లో ప్రాక్టీసు కోసం ఆన్‌లైన్‌లో స్పీడ్ బ్యాగ్ సెట్ (తల ఎత్తులో అడ్డంగా ఉండే బోర్డు, దాని కింద వేలాడే చిన్న గాలి బ్యాగ్) కొని బెడ్‌రూమ్ గోడకు బిగించారు. బోర్డు మందం 18 మి.మీ. ‘రోజూ సాయంత్రం తల మీద దడదడ, భరించలేకపోతున్నాం’ అంటున్నారు కింది ఇంటి పెద్దాయన. పక్క ఫ్లాట్‌లో అల్మరా తలుపులు గలగలమంటున్నాయట. గోడకు ఫోమ్ షీట్లు అంటించారు, బ్రాకెట్ వెనక రబ్బరు షీటు పెట్టారు. తేడా రాలేదు. ఇంకేం చేయాలి?

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. దాన్ని గోడ మీంచి తీసేయండి. నేల మీద నిలబడే స్టాండ్ చేయించండి. బోర్డు బరువు ఇప్పుడున్నదానికి ఏడెనిమిది రెట్లు పెంచండి. ఆ బరువును నాలుగు చిన్న రబ్బరు మౌంట్ల మీద కూర్చోబెట్టండి. ఫోమ్ పీకేసి ఆ గోడకు మళ్లీ రంగు వేసుకోండి, అది అక్కడ చేసే పనేమీ లేదు. బరువు ముందు, రబ్బరు తర్వాత. ఈ వరస తలకిందులైతే ఎంత డబ్బు పెట్టినా ఫలితం ఉండదు. మీ విషయంలో జరిగింది అదే.

నేను చాలాకాలం ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూశాను. కంప్రెసర్లు, జనరేటర్ సెట్లు కింద ఫౌండేషన్‌ను వణికించకుండా కూర్చోబెట్టడం మా పని. సాయంత్రాలు బాక్సింగ్ క్లబ్బులో గడిచేవి కాబట్టి అక్కడి బ్యాగులు, బోర్డులు బిగించే పని కూడా నా మీదే పడేది. నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ టైటిల్ గెలిచాక ఆడపిల్లల తల్లిదండ్రులు ఇలాంటివి అడగడం బాగా ఎక్కువైంది. సంతోషమే. అయితే క్లబ్బులో పనికొచ్చే బిగింపు ఫ్లాట్‌లో పనికిరాదు. క్లబ్బు షెడ్డు కింద ఎవరూ నిద్రపోరు కదా.

స్పీడ్ బ్యాగ్‌ను ఒక్కసారి గుద్దితే బోర్డుకు ఎన్ని దెబ్బలు తగులుతాయో గమనించారా? మూడు. గుద్దగానే బ్యాగ్ వెళ్లి బోర్డు వెనక వైపు తగులుతుంది, తిరిగొచ్చి ముందు వైపు తగులుతుంది, మళ్లీ వెనక్కి వెళ్లి తగులుతుంది, అప్పుడు మళ్లీ చెయ్యి పడుతుంది. మీ అమ్మాయి సెకనుకు రెండు గుద్దులు వేస్తే బోర్డుకు ఆరు దెబ్బలు, మూడు వేస్తే తొమ్మిది. బ్యాగ్ బరువు మహా అయితే పావు కిలో, అరకిలో మధ్య ఉంటుంది. ఒక్క దెబ్బలో పెద్ద శక్తేమీ లేదు. కానీ సెకనుకు ఆరు నుంచి తొమ్మిది సార్లు, ఒకే లయలో, పావుగంట సేపు పడితే కింద కూర్చున్న మనిషికి పిచ్చెక్కుతుంది. ఎప్పుడో ఓసారి కుర్చీ జరిపిన పెద్ద చప్పుడును మనం మరిచిపోతాం. లయగా వచ్చే చిన్న చప్పుడు చెవిని వదలదు. ఈ సెకనుకు ఆరు, తొమ్మిది అనే అంకెలు గుర్తుంచుకోండి, రబ్బరు ఎంచుకునేటప్పుడు మళ్లీ కావాలి.

మీ గదిలో వినిపించే ‘టపటప’ వేరు, కింది ఇంట్లో వినిపించే ‘దడదడ’ వేరు. మొదటిది బ్యాగ్ బోర్డును తాకినప్పుడు గాల్లో పుట్టే శబ్దం. తలుపు, కిటికీ మూస్తే చాలావరకు ఆగుతుంది. రెండోది గాల్లో వెళ్లదు. బోర్డు వణుకు బ్రాకెట్‌లోకి, బ్రాకెట్ బోల్టుల్లోంచి గోడలోకి, గోడలోంచి బీముల్లోకి, స్లాబుల్లోకి పాకి, చివరికి వాళ్ల సీలింగ్, వాళ్ల గోడ మొత్తంగా కదిలి వాళ్ల గదిలో శబ్దమవుతుంది. తంబురా తీగను ఊరికే రెండు మేకుల మధ్య కట్టి మీటితే పక్కవాడికి కూడా సరిగా వినబడదు, బుర్ర తగిలిస్తే సభంతా వినబడుతుంది. మీరు మీ బోర్డుకు మొత్తం బిల్డింగునే బుర్రగా తగిలించారు. ఫోమ్ పనిచేయకపోవడానికి కారణం ఇదే. మెత్తటి ఫోమ్ గదిలో గాలి శబ్దపు ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తుందంతే. బోల్టులోంచి పోయే వణుకును అది ఎలా ఆపుతుంది?

మీ గోడ ఏ రకందో చెప్పలేదు. కొత్త అపార్ట్‌మెంట్ అయితే లోపలి గోడలు నాలుగించుల ఇటుకవో, లైట్ వెయిట్ బ్లాకులవో అయ్యుంటాయి. ఇంకా కొత్తదైతే అల్యూమినియం షట్టరింగ్‌తో పోసిన కాంక్రీటు గోడలు, మైవాన్ అంటారే అవి. మూడింటికీ మూడు జబ్బులు. నాలుగించుల గోడ పలచన, తేలిగ్గా వణుకుతుంది. లైట్ వెయిట్ బ్లాకు ఇంకా తేలిక, పైగా మామూలు గోడ ప్లగ్గులు అందులో వణుకుడికి నెమ్మదిగా వదులైపోతాయి. కొన్నాళ్లకు రంధ్రం చుట్టూ పొడి రాలుతుంటే అర్థం అదే. ఇక మైవాన్ గోడ బరువే, వణుకును తక్కువగా తీసుకుంటుంది. కానీ గోడా స్లాబూ ఒకే పోతలో కలిసిపోయి ఉంటాయి కాబట్టి తీసుకున్న కాస్తా నాలుగు ఫ్లాట్లకు పంచిపెడుతుంది. అక్కడ అద్దెకుండేవాళ్లు నాకు చెప్పే మాట ఒకటే: ‘ఎక్కడో డ్రిల్లింగ్ చేస్తే మా తలగడ దగ్గరే చేస్తున్నట్టుంటుంది.’ నిజమే.

ఏ పని మొదలుపెట్టే ముందైనా ఒక సాయంత్రం పరీక్షకు కేటాయించండి. అమ్మాయిని గుద్దమని చెప్పి, మీరు కింది ఇంటికి వెళ్లండి. ఫోన్ చేసి కనుక్కోవడం కాదు, వెళ్లి వాళ్ల బెడ్‌రూమ్‌లో కూర్చోండి. ఈ ఒక్క పనితో సగం గొడవ చల్లారడం చాలాసార్లు చూశాను. అక్కడ తలుపు మూసినా తెరిచినా చప్పుడు ఒకేలా ఉంటే అది నిర్మాణంలోంచి వస్తున్నదే. ఫైఫాక్స్ అని ఒక ఉచిత యాప్ ఉంది, జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు చేశారు. ఫోన్‌ను నేల మీద పెట్టి, అందులో యాక్సిలరోమీటర్, అంటే వణుకును పట్టే సెన్సర్, నడిపిస్తే గీత ఎంత ఎగురుతోందో కనిపిస్తుంది. అంకె కచ్చితంగా ఉండాల్సిన పనిలేదు. మార్పుకు ముందు, మార్పు తర్వాత అదే ఫోన్‌ను అదే చోట పెట్టి పోల్చుకుంటే చాలు.

ఇక బరువు సంగతి. ఇది అసలు విషయం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

బ్యాగ్ బోర్డుకు ఇచ్చే తోపు ఎప్పుడూ అంతే. ఆ తోపుకు బోర్డు ఎంత వేగంగా కదులుతుందన్నది బోర్డు బరువు మీద ఆధారపడుతుంది. బరువు రెట్టింపైతే కదలిక సగమవుతుంది, అంటే 6 డెసిబెల్స్ తగ్గినట్టు. మీ 18 మి.మీ. బోర్డు 2 అడుగుల గుండ్రటిదైతే దాని బరువు దాదాపు 3.3 కిలోలు. ప్లైవుడ్ ఘనమీటరుకు సుమారు 650 కిలోలన్న లెక్కన చెప్తున్నాను. దాన్ని 26 కిలోలు చేస్తే మూడుసార్లు రెట్టింపు చేసినట్టు, అంటే 18 డెసిబెల్స్. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి చప్పుడు సగమైనట్టు అనిపిస్తుందని మామూలుగా చెప్పే లెక్క. రబ్బరు ముక్క ఒక్కటి కూడా వాడకుండానే ఇంత లాభం. పైగా బరువైన బోర్డు మీద బ్యాగ్ చక్కగా, సమంగా తిరిగొస్తుంది. ఆటకూ మంచిదే, అమ్మాయి లయ తప్పదు.

26 కిలోలు ఎలా తేవాలి? 18 మి.మీ. ప్లైవుడ్ మూడు పొరలు అతికిస్తే 10 కిలోలు. దాని పైన 6 మి.మీ. మందం ఎం.ఎస్. ప్లేటు, అంటే మామూలు ఇనుప ప్లేటు, 2 అడుగుల గుండ్రంగా కోయిస్తే 13 కిలోల పైమాటే. నట్లు, బోల్టులు, కింది ఫ్రేము కలిపితే 26 దాటి 30 దగ్గరికి వస్తుంది. బాలానగర్, జీడిమెట్ల వైపు ఏ ఫ్యాబ్రికేషన్ షాపులోనైనా ప్లేటు కిలో లెక్కన ఇస్తారు, గ్యాస్ కటింగ్‌తో గుండ్రంగా కోసిస్తారు. అంచులు గ్రైండింగ్ చేయించడం మరవకండి, తల ఎత్తులో ఉండే వస్తువు.

పొరలు అతికించడంలో ఒక కిటుకు ఉంది. కింది మూడు ప్లైవుడ్ పొరలను మామూలు చెక్క గమ్ముతో, మధ్యమధ్య స్క్రూలు బిగించి ఒకే చెక్కలా చేయాలి. బ్యాగ్‌కు గట్టి ముఖం కావాలి. ఇనుప ప్లేటును మాత్రం అలా కాకుండా, ఎండాక కూడా రబ్బరులా సాగే గమ్ముతో అతికించాలి. చెప్పుల షాపుల్లో, ఫోమ్ అతికించేవాళ్ల దగ్గర దొరికే సింథటిక్ రబ్బరు గమ్ము సరిపోతుంది. ప్లేటును ఉత్తి బోల్టులతో బిగిస్తే దెబ్బ పడినప్పుడల్లా ‘ణంగ్’ మంటుంది. మధ్యలో సాగే పొర ఉంటే ఆ మోగుడు అక్కడే చచ్చిపోతుంది. స్వివెల్ ప్లేటును, అంటే బ్యాగ్ వేలాడుతూ తిరిగే కొక్కెం ఉన్న ప్లేటును, చెక్క స్క్రూలతో బిగించవద్దు. బోర్డు కింది నుంచి ఇనుప ప్లేటు పైదాకా వెళ్లే బోల్టులు వేసి, పైన నైలాక్ నట్టు, అంటే వణుకుడికి వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండే నట్టు, వేయండి. చెక్క స్క్రూ వణుకుడికి ఎప్పుడో ఒకప్పుడు వదులవుతుంది, వదులైన స్వివెల్ చేసే టకటక వేరే గోల.

గ్రానైటు పలక వేస్తే చవగ్గా బరువు వస్తుంది కదా అని అడుగుతుంటారు. వంటగదిలో మిగిలిన ముక్క ప్రతి ఇంట్లో ఉంటుంది మరి. లెక్కకు నిజమే, 18 మి.మీ. గ్రానైటు రెండడుగుల గుండ్రానికి దాదాపు 14 కిలోలు. కానీ అది పెళుసు. రంధ్రం చేసిన చోట నుంచి వణుకుడికి చీలిక పాకితే పలక పిల్ల తల మీద పడుతుంది. వద్దు.

ఇప్పుడు రబ్బరు. మీరు బ్రాకెట్ వెనక రబ్బరు షీటు పెట్టినా తేడా ఎందుకు రాలేదంటే మూడు కారణాలు, మూడూ మీ గోడ మీదే ఉన్నాయి. మొదటిది, షీటు మధ్యలోంచి ఇనుప బోల్టు పోయింది. బోల్టు తల బ్రాకెట్‌ను పట్టుకుంది, మొన గోడను పట్టుకుంది. వణుకు రబ్బరును తప్పించుకుని బోల్టులోంచి రాజమార్గంలో వెళ్లిపోయింది. రెండోది, రబ్బరుకు ఒక గుణం ఉంది: అది నొక్కితే చిన్నదవదు, పక్కలకు ఉబ్బుతుంది. వెడల్పాటి పలచటి షీటును రెండు గట్టి పలకల మధ్య బిగిస్తే పక్కలకు ఉబ్బడానికి చోటుండదు, దాదాపు చెక్కంత గట్టిగా మారుతుంది. మూడోది, గోడ బ్రాకెట్ బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి పై బోల్టులు లాగుతుంటాయి, కిందివి నొక్కుతుంటాయి. రబ్బరు నొక్కుడు మీద బాగా పనిచేస్తుంది కానీ లాగుడు మీద కాదు.

అందుకే రబ్బరు స్థానం గోడ దగ్గర కాదు, బోర్డుకూ స్టాండుకూ మధ్య. బోర్డు బరువంతా రబ్బరు మీద కూర్చోవాలి. దీనికి సరైన వస్తువు ఒకటుంది. రెండు చివర్లా బోల్టు కాడలు ఉండి మధ్యలో రబ్బరు స్తంభం ఉండే మౌంట్లు. రెండు కాడలూ లోపల ఒకదాన్నొకటి తాకవు, మధ్యలో ఉన్నది రబ్బరు మాత్రమే, కాబట్టి బోల్టులోంచి దొంగదారి ఉండదు. కంప్రెసర్లకు, జనరేటర్ ప్యానెళ్లకు వాడతారు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో హార్డ్‌వేర్, రబ్బరు సరుకు అమ్మే షాపుల్లో ‘డబుల్ స్టడ్ రబ్బర్ మౌంట్’ అని అడగండి. అంగుళం వ్యాసం, అంగుళం ఎత్తు, మెత్తటి రకం, షోర్ (రబ్బరు గట్టిదనం కొలిచే అంకె) 40 దగ్గరిది నాలుగు చాలు. అంకె తెలియని షాపయితే గోరుతో నొక్కి చూడండి. పెన్సిల్ చెరిపే రబ్బరంత లొంగాలి. కారు టైరంత గట్టిదైతే వద్దు.

ఇంకా మెత్తటిది వేస్తే ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది స్ప్రింగుల జోలికి వెళ్తారు. కాదు, ఎందుకో చూడండి. బరువు పెట్టినప్పుడు రబ్బరు ఎంత కుంగుతుందన్నదాన్ని బట్టి ఆ బోర్డు సహజంగా సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పొచ్చు. 1 మి.మీ. కుంగితే సుమారు 16 సార్లు, 2 మి.మీ. కుంగితే 11, 4 మి.మీ. కుంగితే 8. ఆ సహజమైన ఊగుడు కంటే బాగా వేగమైన వణుకును మాత్రమే రబ్బరు ఆపగలదు. దాదాపు ఒకటిన్నర రెట్లు దాటాక మొదలై, ఎంత దూరమైతే అంత బాగా ఆపుతుంది. కింది ఇంట్లో వినబడే ‘దడ’ సెకనుకు 50, 100 సార్ల వణుకు అనుకుంటే, 11 సార్లు ఊగే బోర్డు 50 దగ్గర కాగితం లెక్కలో ఇరవయ్యో వంతే కిందికి పంపుతుంది. నిజజీవితంలో అంత రాదు, అయినా గొప్ప తేడా. కానీ 4 మి.మీ. కుంగే స్ప్రింగు వేశారనుకోండి, బోర్డు సహజంగా సెకనుకు 8 సార్లు ఊగుతుంది. మీ అమ్మాయి గుద్దులకు బ్యాగ్ బోర్డును తాకేది ఎన్నిసార్లు? ఆరు నుంచి తొమ్మిది. రెండూ కలిశాయి. ఉయ్యాలను సరిగ్గా దాని లయకు తోసినట్టే అవుతుంది, బోర్డు ఊగిపోతుంది, బ్యాగ్ ఎటు వస్తుందో తెలియదు, ప్రాక్టీసు పాడు. కాబట్టి కుంగుడు ఒకటి నుంచి రెండు మి.మీ. మధ్య ఉండాలి. 30 కిలోల బోర్డును నేను చెప్పిన నాలుగు మౌంట్ల మీద పెడితే దాదాపు అక్కడికే వస్తుంది. పాత 3 కిలోల బోర్డును అవే మౌంట్ల మీద పెడితే అవి కుంగనే కుంగవు, ఏమీ ఆపవు. బరువు ముందు అని మొదట్లో చెప్పింది ఇందుకే.

నాలుగు మౌంట్లనూ వీలైనంత దూరదూరంగా, ఫ్రేము నాలుగు మూలల్లో పెట్టండి. దగ్గరగా పెడితే బోర్డు ముందుకూ వెనక్కూ తూగుతుంది. గుద్దేటప్పుడు కంటికి కనిపించేంత తూగుతుంటే మౌంట్లు ఒక మెట్టు గట్టివి మార్చండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: 30 కిలోలు తల మీద ఉంటాయి, రబ్బరు అతుకు ఎప్పటికైనా ఊడొచ్చు. బోర్డు ఫ్రేము నుంచి స్టాండుకు రెండు చోట్ల గొలుసు వేయండి, కాస్త వదులుగా. బిగుతుగా వేస్తే వణుకుకు మళ్లీ దారి ఇచ్చినట్టే.

స్టాండ్ ఏ వెల్డింగ్ షాపులోనైనా అవుతుంది. 2 అంగుళాల చదరపు పైపు, రెండున్నర మి.మీ. మందం. కింద 4 అడుగులకు 4 అడుగుల బేస్, వెనక రెండు నిలువు కాళ్లు, పైన ముందుకు చాచిన రెండు చేతులు, మూలల్లో వాలు బద్దలు. చేతుల మీద మౌంట్లు, మౌంట్ల మీద బోర్డు. ఎత్తు మార్చుకునే గొట్టంలో గొట్టం ఏర్పాటు పెట్టించకండి. అది ఎంత బిగించినా గలగలలాడుతుంది. బ్యాగ్ లావు భాగం అమ్మాయి నోటి ఎత్తుకు వచ్చేలా లెక్క చూసుకుని ఒకే ఎత్తుకు వెల్డింగ్ చేయించండి. పిల్ల ఇంకా ఎదుగుతుంది కాబట్టి కాస్త ఎత్తుగా చేయించి, ఇప్పటికి అమ్మాయి కాళ్ల కింద రెండంగుళాల ప్లైవుడ్ పీట వేస్తే సరి. పైపుల కొసలు మూసేముందు ఎండిన ఇసుక జల్లించి నింపించండి. మీటరుకు మూడు కిలోల దాకా పడుతుంది. ఖాళీ పైపు మోగుతుంది, ఇసుక పైపు మోగదు. వెల్డింగ్ అతను నవ్వుతాడు, నవ్వనివ్వండి.

బేస్ మీద ఇసుక మూటలు వేయాలి. పాతిక కిలోల బియ్యం సంచులు ప్రతి ఇంట్లో ఉంటాయి. నిండా నింపితే మోయలేరు, సగం నింపి మూతి కుట్టేయండి, నాలుగు చాలు. మొత్తం కలిపి 150 కిలోల పైన అవుతుంది. స్లాబు తట్టుకుంటుందా అని టెన్షన్ పడకండి. ఇళ్ల స్లాబులను ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం ప్రకారం చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల బరువుకు డిజైన్ చేస్తారు. మీ స్టాండు దాదాపు ఒకటిన్నర చదరపు మీటర్లలో పరుచుకుంటుంది. పుస్తకాల బీరువా ఇంతకంటే ఎక్కువ మోపుతుంది.

కిందికి పోయే దారి ఇక స్టాండు పాదాలే. టైల్స్ మీద నేరుగా పెట్టవద్దు. ముందు 4 అంగుళాల చదరపు రబ్బరు ముక్కలు, గళ్లు గళ్లుగా ఉండే రకం, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ కిందా వాషింగ్ మెషిన్ కిందా పెట్టేవి, తొమ్మిది పరవండి. మధ్యలో ఖాళీలు ఉండాలి, ఉబ్బడానికి. వాటి మీద రెండు పొరల 18 మి.మీ. ప్లైవుడ్, దాని మీద స్టాండు. అమ్మాయి నిలబడి గుద్దే చోట వేరే జిమ్ మ్యాట్ వేయండి, పాదాల దరువు కూడా కిందికి వెళ్తుంది కదా. స్టాండు గోడకు రెండంగుళాల దూరంలో ఉండాలి. ఒక్క మూల గోడను తాకినా ఈ పనంతా వృథా. గది మధ్యలో కాకుండా పిల్లర్ పక్కన, బీము మీద పెట్టండి. స్లాబు మధ్యలోనే ఎక్కువ వణుకుతుంది, అంచుల్లో బిగుసుకుని ఉంటుంది.

గదిలో ‘టపటప’ తగ్గించడం దీనితో పోలిస్తే చిన్న పని. బ్యాగ్‌లో గాలి ఎక్కువైతే శబ్దం పదునుగా ఉంటుంది. బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి వెళ్లేంత గాలి చాలు. స్వివెల్‌లో రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె. బోర్డు కింది ముఖానికి రెండు, మూడు మి.మీ. తోలు గానీ గట్టి రబ్బరు షీటు గానీ అతికిస్తే శబ్దం మొద్దుబారుతుంది, తిరుగుడు కొద్దిగా నెమ్మదిస్తుంది. యోగా మ్యాట్ అతికించవద్దు, బ్యాగ్ అసలు తిరిగి రాదు. గదిలో ఉత్తి టైల్స్, ఉత్తి గోడలు ఉంటే ఒక పరుపు నిలబెట్టండి, మందపాటి కర్టెన్ వేయండి. ఇవన్నీ మీ ఇంటివాళ్ల చెవులకు, కింది ఇంటికి కాదు.

చోటు మార్చే అవకాశం ఉంటే నేను చెప్పిన సగం ఖర్చు అక్కర్లేదు. మీ అపార్ట్‌మెంట్‌కు స్టిల్ట్ పార్కింగ్ ఉందా? అక్కడి ఫ్లోరింగ్ నేరుగా నేల మీద ఉంటుంది, కింద ఎవరూ ఉండరు. అసోసియేషన్‌ను అడిగి ఒక మూల స్టాండు పెట్టుకోండి, పిల్లర్‌కు మాత్రం బిగించకండి. వాచ్‌మన్ గది ఆ పక్కనే ఉంటే ఆయన్నీ అడగండి. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషి, సెక్రటరీ ఒప్పుకున్నారు కదా అని ఆయన నిద్ర లెక్కలోంచి తీసేయడం బాగుండదు. బాల్కనీ మాత్రం వద్దు. ముందుకు చాచిన స్లాబు ఎక్కువ ఊగుతుంది, గ్రిల్లు గలగలలాడుతుంది, చప్పుడు బిల్డింగంతా వింటుంది. డాబా మీద పెట్టాలంటే పై అంతస్తువాళ్లకు మీరే ‘పైన దడదడ’ అవుతారు, ఇంతకుముందు చెప్పిన పాదాల ఏర్పాటంతా అక్కడా కావాలి.

సొంత ఇల్లు, పెరడు ఉన్నవాళ్లకు ఇంత తంటా లేదు. రెండున్నర అంగుళాల జీఐ పైపును మూడడుగుల గుంతలో కాంక్రీటు పోసి నిలబెట్టి, దానికి బరువు బోర్డు బిగించుకుంటే ఇంటికీ దానికీ సంబంధమే ఉండదు. వానకు తడిసేదైతే మెరైన్ ప్లై వాడాలి. రేకుల షెడ్డు దూలానికి మాత్రం వేలాడదీయకండి, రేకు ఊరంతా చాటుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. డాలస్, ఫ్రిస్కో వైపు మనవాళ్ల ఇళ్లు చెక్క ఫ్రేము మీద డ్రైవాల్, అంటే జిప్సం పలకల గోడ. డ్రైవాల్‌కు ఏదీ బిగించకూడదు. గరాజ్‌లో, లోపల 16 అంగుళాలకొకటి ఉండే స్టడ్లు (నిలువు చెక్కలు) వెతికి, మూడు స్టడ్ల మీదుగా మందపాటి అడ్డ చెక్క బోల్టు చేసి దానికి బ్రాకెట్ బిగించుకోవచ్చు. ఆ గోడ వెనక బెడ్‌రూమ్ లేకుండా చూసుకోండి. గరాజ్ నేల కాంక్రీటు కాబట్టి నేను చెప్పిన స్టాండు అక్కడ ఇంకా బాగుంటుంది. రబ్బరు మౌంట్ల బదులు చాలామంది సలహా ఇచ్చే హాకీ పక్‌లు, అంటే ఐస్ హాకీ ఆడే రబ్బరు బిళ్లలు, మరీ గట్టివి, పెద్దగా ఆపవు. చెక్క ఫ్లోరు అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఉంటే స్పీడ్ బ్యాగ్ ఆలోచన మానుకుని జిమ్‌కు వెళ్లడమే నయం.

టైమ్ గురించి. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి, రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు. కానీ అది పట్టుకుని కింది ఇంటాయనతో వాదించకండి. ఆయనకు ఏ వేళ ఇబ్బంది లేదో ఆయన్నే అడిగి ఆ అరగంట ఖాయం చేసుకోండి. మిగతా వేళల్లో అమ్మాయికి డబుల్ ఎండ్ బ్యాగ్ ఇవ్వండి. పైన, కింద సాగే తాడుతో కట్టే చిన్న బ్యాగ్, దేన్నీ తాకదు, దాదాపు నిశ్శబ్దం. భుజం ఓర్పుకూ లయకూ స్పీడ్ బ్యాగ్ మంచిదే. కానీ గురి, తప్పుకోవడం నేర్పేది డబుల్ ఎండ్. కోచ్‌ను అడిగితే పరీక్షల ముందు ఆ రెండు నెలలు ఇదే చాలంటారేమో.

స్టాండు చేయించాక మొదటి వారంలో ఒకసారి, ఆ తర్వాత నెలకొకసారి బోల్టులన్నీ స్పానర్‌తో చూడండి. రబ్బరు మౌంట్ల మీద అడ్డంగా సన్నటి పగుళ్లు కనిపిస్తే ఆగకుండా నాలుగూ ఒకేసారి మార్చేయండి. ఒక్కటే మారిస్తే బోర్డు ఒరుగుతుంది.